బుగ్గలో సూది మరిచిపోయారనుకున్నాను

“కారం రోజు ఏసినంతనే ఏసిన అత్తమ్మా.”

“రోజు ఏసినంతనే ఏస్తే నా నోరు ఎందుకు మండుతది? చెంచా మారిందన్న ఉండాలె, చెయ్యి మారిందన్న ఉండాలె.”

“చెంచా గదే, చెయ్యి గదే. మామయ్య తిన్నడు, మీ కొడుకు తిన్నడు. ఎవ్వరు ఏమనలే.”

“మొగోళ్ళకేం తెలుస్తది? ఆకలి మీద ఏది పెట్టినా తింటరు. నేను ముద్ద నోట్లె పెట్టంగనే నిప్పు పెట్టినట్టయింది. నా మీద కోపముంటే మొకం మీద చెప్పు, పప్పుల చూపియ్యకు.”

“పప్పుల చూపిస్తే ఆ పప్పు నేను గూడ తినాలె గదా అత్తమ్మా!”

మా కోడలు సుగుణ ఎప్పుడూ ఎదురు మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం పప్పు గిన్నె ముందుకు లాక్కుని, అన్నం లేకుండా ఉత్త పప్పే నాలుగు వేళ్ళతో తిని చూపించింది. కంట్లో నీరు రాలేదు, దగ్గు రాలేదు. నేను కారం డబ్బా తెచ్చి నా గదిలో పెట్టుకున్నాను. ఆ పూట నుంచి నేను తీసి ఇచ్చినంతే వేయాలని చెప్పాను. అయినా మంట పోలేదు. మాకు వరంగల్ బజారులో మిర్చి, పసుపు దుకాణం ఉంది. ఈసారి వచ్చిన మిర్చిలోనే ఏదో కలిసిందని మా ఆయనతో కూడా పేచీ పెట్టుకున్నాను. నా జబ్బు మొదలైంది అలా. అనుమానం అందరి మీదికీ పోయింది, నా నోటి మీదికి తప్ప. ఆ రోజు పప్పులో కారం జర ఎక్కువే పడిందని ఇప్పటికీ నా నమ్మకం. అది వేరే సంగతి.

మా నాయన నన్ను బడికి పంపింది కొద్దికాలమే. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చేసరికి మాన్పించాడు. అందుకని దవాఖానలో విన్న ఇంగ్లీషు మాటలు నా చెవిన పడ్డట్టే రాస్తున్నాను. తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

నాకు చిన్నవయసు నుంచీ ఆకులో పొగాకు పెట్టుకునే అలవాటు. సారం పోకముందే ఊసెయ్యడం దండగ అనిపించేది. ఎడమ బుగ్గలో పెట్టి, పనంతా అయ్యేదాకా అట్లాగే ఉంచేదాన్ని. మంట తగ్గకపోయేసరికి ఒకరోజు వెలుతురులో అద్దం పెట్టుకుని నోరు తెరిచి చూశాను. బుగ్గ లోపల సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. మధ్యలో ఒక పుండు. నోరు ఇదివరకటంత తెరుచుకోవడం లేదు. వెన్న రాశాను, తేనె రాశాను. నాటు వైద్యుడిచ్చిన పొడి నీళ్ళలో కలిపి పుక్కిలించాను. పుండు అంచులు గట్టిపడ్డాయి.

చివరికి నా కొడుకు రాజేశం వరంగల్ దవాఖానకు తీసుకుపోయాడు, సుగుణ కూడా వచ్చింది. డాక్టరు నోట్లో వేలు పెట్టి చూశాడు, దవడ కింద నొక్కి చూశాడు.

“పొగాకు ఎడమ దిక్కు పెడ్తరా అమ్మా?” అని అడిగాడు.

నేను సుగుణ వైపు తిరిగాను. డాక్టరు నవ్వాడు.

“ఆమె మీద కోపం చెయ్యకున్రి. ఎవ్వరు చెప్పలే, మీ బుగ్గనే చెప్తాంది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలె. బయాప్సీ అంటరు.”

“తీసిన ముక్కను ఏం జేస్తరు?”

“పెద్దగ చూపిచ్చే అద్దం కింద పెట్టి చూస్తరు.”

“చూసినంక?”

“చూసినంక మీకు వాపస్ కావాల్నా?”

నవ్వులాటకు అన్నాడు కానీ, నా ఒంట్లోది ఎక్కడికో పోయి ఎవరి చేతుల్లోనో పడటం నాకు నచ్చలేదు. పరీక్ష జవాబు వచ్చాక ఆయన నవ్వలేదు.

“క్యాన్సర్ అమ్మా. మొదట్లనే దొరికింది. పట్నం పోతే ఆపరేషన్ చేస్తరు. కోసి తీసినంక అదే బల్ల మీద, కోసిన జాగల రేడియం సూదులు పెడ్తరు. కత్తికి కనపడనిది ఏమన్న మిగిలితే రేడియం చూసుకుంటది.”

మా దగ్గర సూది అంటే ఇంజెక్షన్. నడుముకో చేతికో గుచ్చి తీసేస్తారు. అటువంటివి నేను చాలానే వేయించుకున్నాను. కోతకు భయపడ్డాను గానీ, సూదుల మాట పట్టించుకోలేదు.

పట్నంలో రేడియం డాక్టరు పెద్దమనిషి, నిమ్మళంగా మాట్లాడతాడు. అంతకు కొద్దికాలం ముందే మా వీధికి కరెంటు వచ్చింది. పట్నంలో క్యాన్సరుకు కరెంటు పెడతారట అని బజారులో అప్పటికే అనుకునేవారు. అందుకే ముందు అదే అడిగాను.

“ఇది కరెంటా అయ్యా?”

“కాదమ్మా. దీనికి తీగ లేదు, స్విచ్చు లేదు. రేడియం తనంతట తానే పనిచేస్తుంది.”

“తనంతట తాను చేసేదాన్ని ఆపేదెవరు మరి?”

“తీసేస్తే ఆగిపోతుంది.”

ఆ ఒక్క మాట మనసులో పెట్టుకున్నాను. ‘తీసేస్తే ఆగిపోతుంది.’ తరువాత నన్ను తిప్పలు పెట్టింది ఆ మాటే.

ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకుపోయినంతవరకే నాకు జ్ఞాపకం. తెలివి వచ్చేసరికి నోరంతా గట్టిగా బిగుసుకుని ఉంది. తడుముకుంటే మూతి మూల నుంచి దారాలు వేలాడుతున్నాయి. వాటిని పట్టీతో చెంపకు అంటించారు. బుగ్గ లోపల పుల్లలు పేర్చినట్టుంది. సూదులు గుచ్చి తీసెయ్యలేదు. కోసిన చోట సూదులను పక్కపక్కన పెట్టి కుట్టేశారు. మాట రాదు కాబట్టి ఎవరినీ అడగలేను. సూదులంటే సూదులేనని నాకెవరూ చెప్పలేదని కోపం వచ్చింది. చెప్పినా నేను ఇంజెక్షన్ అనే అనుకుని ఉంటానని సుగుణ అంటుంది.

నన్ను విడిగా ఒక గదిలో ఉంచారు. మంచం పక్కన సీసం పలక నిలబెట్టారు. రాజేశాన్ని గుమ్మం దాటనివ్వలేదు. సిస్టరు పలక వెనక నుంచి గబగబా వచ్చి, ముక్కులోని గొట్టంలో పాలు పోసి, అంతే గబగబా పోయేది. నా కళ్ళలో కోపం చూసిందేమో, ఒకరోజు పోతూ పోతూ నిలబడి చెప్పింది.

“రోగం అంటుతదని కాదు పెద్దమ్మా. మీకు కొన్ని రోజులే, నాకు రోజూ గిదే పని. మీకు మందు అయ్యేది నాకు విషమైతది.”

మందూ విషమూ ఒకటే ఎట్లా అవుతుందో నాకు అర్థం కాలేదు. దాచిపెట్టడానికి చెప్పే మాటేమో అనుకున్నాను.

సూదులు తీసే రోజు నొప్పి తెలియకుండా ఏదో ఇచ్చారు. కళ్ళు మూతలు పడుతున్నా నేను చెవులు మూసుకోలేదు. డాక్టరు ఒక్కో దారం పట్టి లాగుతుంటే, సూది సీసం డబ్బాలో పడ్డ చప్పుడు వినపడింది. ఎన్ని పెట్టారో రాజేశం గుమ్మం అవతలి నుంచే నాతో చెప్పి ఉన్నాడు. చప్పుడు చప్పుడుకూ లెక్క పెట్టుకున్నాను. మధ్యలో డాక్టరు “దారం తెగింది” అన్నాడు. ఏదో ఇనుప సామాను అడిగాడు. ఆ తరువాత కొంతసేపు నాకు తెలియలేదు. మళ్ళీ తెలివి వచ్చేసరికి సిస్టరు ఇంగ్లీషులో లెక్క చెప్పి “కరెక్ట్” అంటోంది. నా లెక్కలో మాత్రం ఒకటి తక్కువ వచ్చింది.

నోరు తెరవలేక ఊరుకున్నాను. రెండు మూడు రోజులకు వాపు తగ్గాక, గొట్టం తీసి, ఇంటికి పంపారు. రైల్లో కిటికీ దగ్గర కూర్చుని పల్చని పాలు తాగాను. మింగుడు పడ్డాయి. బతికి బయటపడ్డాననుకున్నాను.

ఇంటికి వచ్చిన కొద్దిరోజులు బాగానే ఉన్నాను. ఆ తరువాత అంతా తిరగబడింది. తగ్గాల్సిన మంట రోజురోజుకూ పెరిగింది. చెంప పైన ముందు ఎర్రబడి, తరువాత పెనం అడుగులాగా నల్లబడింది. లోపల తెల్లని పొర కమ్మింది. ఉమ్ము జిగురు తీగలాగా సాగేది. ఉప్పు వేసుకుంటే ఇసుక నమిలినట్టుండేది, బెల్లం మట్టిగడ్డలాగా ఉండేది. మొదట జావ మానేశాను, తరువాత పాలు. చివరికి నీళ్ళు మింగాలంటే గోడ పట్టుకోవలసి వచ్చింది. గాజులు మోచేతి దాకా జారాయి. ఇంకా ఇట్లాగే ఉంటే బతకనని నాకు తెలుస్తూనే ఉంది.

పక్కింటి లచ్చమ్మ గుమ్మం దగ్గరే నిలబడి, “వదినా, ముట్టుకుంటే షాక్ కొడ్తదా?” అని అడిగింది. ఆమెను లోపలికి రమ్మనలేదు.

పడుకుని నా లెక్క మళ్ళీ మళ్ళీ వేసుకున్నాను. తీసేస్తే ఆగిపోతుందన్నాడు. ఆగలేదు, పెరిగింది. అంటే తీయలేదు. దారం తెగిన సూది లోపలే ఉండిపోయింది. కరెక్ట్ అని చెప్పి నన్ను పంపించేశారు. ఇంతకన్నా తేటగా ఇంకేం కావాలి?

మా బజారులో పాత కంపౌండరు ఒకాయన ఉండేవాడు. మిలిటరీలో పనిచేసి వచ్చాడు. గడ్డలు కోస్తాడు, ముల్లు విరిగితే తీస్తాడు. ఆయనను పిలిపించాను. ఆయన నా చెంప మీద బొటనవేలుతో నొక్కి, కళ్ళు మూసుకున్నాడు.

“ఉన్నది. గట్టిగ తాకుతాంది. రేపు పొద్దున వచ్చి జర కోసి తీస్త. ఫికర్ చెయ్యకు అక్కా.”

నా మాట నమ్మిన మొదటి మనిషి ఆయనే. పైగా రైలు లేదు, పట్నం లేదు, ఇంట్లోనే పని అయిపోతుంది. సరే అన్నాను.

రాజేశం దుకాణం వదిలి పరిగెత్తుకొచ్చాడు.

“అమ్మా, నీకు దండం పెడ్త. పట్నం పోదాం నడువు. పెట్టినోళ్ళే చూస్తరు.”

“పెట్టినోళ్ళే మర్సిపోయిన్రు. వాళ్ళ తప్పు వాళ్ళ నోటితోని ఒప్పుకుంటరా? ఇంకో కత్తి పెట్టి ‘ఏం లేదు’ అంటరు.”

“మరి గా కంపౌండరు కత్తి మంచిదా?”

“ఆయనకు దాచేటందుకు ఏం లేదు.”

అప్పుడు సుగుణ మధ్యలోకి వచ్చింది. “పట్నం వద్దు, కోసుడు వద్దు. ఇక్కడి దవాఖానల ఎక్స్-రే తీపిద్దాం. సూది ఉంటే కనపడ్తది. కనపడితే రేపు నేనే కంపౌండరుకు నీళ్ళు కాచి ఇస్త.”

ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. ఆ మధ్యాహ్నమే రిక్షాలో పోయాము.

ఎక్స్-రే తీసేవాడు ముక్కుపుల్ల తీయమన్నాడు.

“తియ్య. పెండ్లినాడు పెట్టింది, గిప్పుడు రాదు.”

“ఫోటోల అడ్డమొస్తదమ్మా.”

“అడ్డమొస్తే రానియ్యి.”

వాడు గొణుక్కుంటూ ముక్కుపుల్లతోనే ఫోటో తీశాడు. మొదట బయాప్సీ చేసిన డాక్టరే ఆ ఫిల్మును కిటికీకి పెట్టి చూపించాడు. దవడ ఎముక కనిపించింది, పండ్లు కనిపించాయి. బుగ్గ ఉండవలసిన చోట ఏమీ లేదు, పొగ మాదిరిగా ఉంది.

“సూది లేదమ్మా.”

“గిది నా ఫోటోనే అని ఎట్ల నమ్మాలె? ఎముకలు అందరికీ ఒక్కతీరే ఉంటయి.”

డాక్టరు ఫిల్ము పైభాగంలో తెల్లగా మెరుస్తున్న చుక్క మీద వేలు పెట్టాడు. “గీ ముక్కుపుల్ల ఎవరిది?”

నా చెయ్యి నాకు తెలియకుండానే ముక్కు మీదికి పోయింది.

“గింత ముక్కుపుల్లనే గింత తెల్లగ పడ్డది. రేడియం సూదికి ప్లాటినం తొడుగు ఉంటది. అది లోపల ఉంటే దాగుతదా?”

నేను ఫిల్ము చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాను. సూది లేదు. ఆ సంగతి ఒప్పుకున్నాను. కానీ మంట ఉంది కదా?

“మరి తీసేస్తే ఆగుతదని పట్నం డాక్టరు ఎందుకన్నడు? తీసినంకనే ఎక్కువైంది.”

డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. “మీకు మిర్చి దుకాణం గదా. బస్తాలు విప్పి కాయలు ఏరినోళ్ళకు చేతులు ఎప్పుడు మండుతయి?”

“ఇంటికి వచ్చినంక. కడుక్కున్నంక ఇంకా ఎక్కువ.”

“అప్పుడు చేతిల మిరపకాయ ఉంటదా?”

“ఉండది.”

“గిది గూడ అంతే. తీసేస్తే రేడియం ఆగింది. అది లోపల చేసిన పని ఆగలే. రోగం కణాలకూ దెబ్బ తాకింది, మంచి కణాలకూ తాకింది. ఆ దెబ్బ పైకి తేలేటందుకు దినాలు పడ్తది. పట్నంల ఉన్నప్పుడు మీరు బాగున్నది అందుకే. రోగం కణాలు మళ్ళ లేవయి. మంచియి మెల్లగ లేస్తయి. గా తెల్లపొర ఆ గాయం మీదిది, లోపల కొత్త తోలు వస్తాంటే అది ఊడిపోతది. గిప్పుడు దాని మీద కత్తి పెడ్తే మాత్రం గాయం మానది. లోపల ఎముక తేలుతది. పండు గూడ పీకనియ్యద్దు.”

ఆయన చెప్పిన దానిలో మిర్చి సంగతి నాకు ఎక్కింది. మిగతాది ఎక్కలేదు. డాక్టరును డాక్టరు వెనకేసుకొస్తాడని రిక్షాలో అన్నాను. రాజేశం తల పట్టుకున్నాడు. ఇంటికి వచ్చాక, దీపాలు పెట్టే వేళ సుగుణ నా ముందు కూర్చుంది.

“అత్తమ్మా, రెండో వారంల మంట ఎక్కువైతదని పట్నంల డాక్టరు తలుపు కాడ నాతోని చెప్పిండు.”

“చెప్తే నాకెందుకు చెప్పలే?”

“చెప్పిన. రైల్ల చెప్పిన. ‘నీకేం తెలుసు, ఊకో’ అన్నరు.”

నాకు జ్ఞాపకం లేదు. అని ఉంటాను.

“రేపు కంపౌండరు వస్తే నేను తలుపు తియ్య” అంది.

“నా ఇంటి తలుపు నువ్వు తియ్యకపోవుడేంది?”

“ఇల్లు మీదే. బుగ్గ గూడ మీదే. ఎముక బయటపడితే నోట్లె నీళ్ళు పోసేది మాత్రం నేను. అవి గూడ పొయ్యరాకుంటే, గప్పుడు ఏం జెయ్యాల్నో గిప్పుడే చెప్పున్రి.”

ఆమె గొంతు పెరగలేదు. అందుకే ఆ మాట నాకు తగిలింది. అయినా కంపౌండరుకు వద్దని కబురు పంపలేదు.

ఇదంతా జరిగి ఇప్పటికి కొన్నేండ్లు. నా ముద్ద నేనే కలుపుకుని తింటున్నాను. నోరు పూర్తిగా తెరుచుకోదు, కాబట్టి ముద్దలు చిన్నవి. ఉమ్ము తక్కువ. ఎక్కడికి పోయినా నీళ్ళ చెంబు నాతోనే ఉంటుంది. చెంప మీద నలుపు వెలిసింది గానీ పోలేదు. బుగ్గ లోపల మచ్చ మీద సన్నని ఎర్ర నరాలు తేలి ఉన్నాయి. అవి రేడియం గుర్తులే, భయం లేదంటారు. ఉప్పు రుచి ముందు వచ్చింది, తీపి చాలా ఆలస్యంగా వచ్చింది. పొగాకు ముట్టుకోను. చెకప్‌కు పట్నం పోతూనే ఉన్నాను. డాక్టరు “ఏం లేదమ్మా” అంటే, ఏం లేదో ఒక్కొక్కటీ అడిగి చెప్పించుకుని గానీ లేవను. విసుక్కుంటే విసుక్కోనీ.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మీకు గానీ మీ ఇంట్లోవాళ్ళకు గానీ రేడియం పెడితే, అది తీసిన చోట ఎంత మంట ఉన్నా, ఎన్నేండ్లు గడిచినా, ఆ డాక్టరును అడగకుండా కత్తి గానీ పటకారు గానీ పెట్టనివ్వకండి. పన్ను ఊగినా సరే, ముందు ఆయనను అడగండి. అనుమానం ఉంటే ఉండనీ, నాకూ ఉంది. అడగడానికి అనుమానం పనికొస్తుంది, కోయించుకోవడానికి పనికిరాదు.

ఇక ఎక్స్-రే తీయించిన మరునాడు పొద్దున జరిగింది చెప్పి ముగిస్తాను. కంపౌండరు సంచీ పట్టుకుని వచ్చి తలుపు కొట్టాడు. సుగుణ వంటింట్లో నుంచి కదలలేదు. నేను అప్పుడే దొడ్లో, దవాఖానలో చెప్పినట్టు సోడా ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళు పుక్కిలిస్తున్నాను. ఊసిన నీళ్ళలో తెల్లపొర అంచు ఒకటి ఊడి పడింది. నెత్తురు రాలేదు. అద్దంలో చూస్తే ఆ ఊడిన చోట పచ్చిగా, ఎర్రగా కొత్త తోలు ఉంది. నేనే పోయి తలుపు తీశాను. “ఇయ్యాల వద్దు” అన్నాను. “మరి ఎప్పుడక్కా?” అన్నాడు. “వద్దు” అన్నాను. చాయ్ తాగి పోయాడు. సుగుణ గంజి వార్చి, చల్లార్చి, గుడ్డలో వడగట్టి తెచ్చింది. గోడ పట్టుకుని తాగాను. మండింది. సగం గ్లాసు దిగింది.